వేలి కొస మీద పేకముక్క

విజయనగరంలో ఉక్కపోత మొదలైందంటే కాగితపు పేకముక్క చెమ్మ పీల్చి మెత్తబడిపోతుంది. వేలి మీద తిప్పడం నేర్చుకునేవాళ్లకి సగం చిక్కు అక్కడే. అందుకే ప్లాస్టిక్ ముక్క తీసుకోండి, ఫ్యాను ఆపేయండి.

పెద్ద సైజు ముక్క వెడల్పు 63 మి.మీ., పొడవు 88. మూల నుంచి మూలకి పెన్సిల్‌తో రెండు గీతలు గీయండి. అవి కలిసేచోటే చూపుడువేలు ఉండాలి. కాస్త జరిగినా ముక్క ఒకవైపు ఒరిగిపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యం వంపు. చదునుగా ఉన్న ముక్క ఇట్టే జారిపోతుంది. నాలుగు మూలలూ కిందికి కొద్దిగా వంచి, బోర్లించిన మూకుడులా చెయ్యండి. మడత మాత్రం పడకూడదు! అప్పుడు అంచుల బరువు వేలి కొస కన్నా కిందికి దిగి, ముక్క తనంతట తానే సర్దుకుంటుంది.

రెండో చేతి బొటనవేలు, మధ్యవేలితో ఎదురెదురు మూలలు పట్టుకుని సీసా మూత తిప్పినట్టు తిప్పి, రెండు వేళ్లూ ఒక్కసారే వదలాలి. బొటనవేలు ఒక్క క్షణం ఆలస్యమైతే చాలు, ముక్క పక్కకి ఎగిరిపోతుంది. ఎక్కువమంది దగ్గర కనిపించే తప్పు ఇదే.

వేలికి చెమట పడితే ముక్క అతుక్కుంటుంది, చిటికెడు పౌడరు రాయండి.

సరిగ్గా తిరిగితే మూలలు కలిసిపోయి పళ్లెంలా గుండ్రంగా కనిపిస్తుంది, ఎంత ముచ్చటగా ఉంటుందో! వేగం తగ్గాక బొంగరంలా తల ఊపుతుంది. అప్పుడు ఒరిగే వైపుకే వేలిని మెల్లగా జరపండి.