సలోనికా నుంచి స్పా దాకా: 1918 సెప్టెంబరులో యుద్ధం తెగిపోయిన తీరు

మొదటి ప్రపంచయుద్ధం ఎలా ముగిసిందో చెప్పే కథనాల్లో చోటంతా సాధారణంగా పశ్చిమ రంగానికే దక్కుతుంది. 1918 ఆగస్టు 8న ఆమియాన్ దగ్గర మొదలైన మిత్రరాజ్యాల దాడి, అక్కడినుంచి జర్మన్ సైన్యం వరుసగా వెనక్కి తగ్గడం, నవంబరు 11న కాంపియేన్ అడవిలో సంతకాలు. ఇందులో అసత్యమేమీ లేదు. అయితే ఇక గెలవలేమని తెలిసి కూడా వారాల తరబడి పోరాడుతూ వచ్చిన జర్మన్ సైనిక నాయకత్వం, తక్షణమే కాల్పుల విరమణ కోరి తీరాలని ఉన్నట్టుండి ఎందుకు పట్టుబట్టిందో అర్థం కావాలంటే చూపును ఆగ్నేయానికి, మాసిడోనియా కొండల వైపు తిప్పాలి. ఈ విషయం నాకు ఇంత ముఖ్యంగా తోచడానికి కారణం ఉంది. తరువాతి కాలంలో జర్మన్ రాజకీయాలను విషపూరితం చేసిన ఒక పెద్ద అబద్ధానికి, అంటే సైన్యం ఓడిపోలేదు, దాన్ని వెనుక నుంచి పొడిచారన్న కథకు, బీజం పడింది ఆ కొద్దిరోజుల్లోనే.

1915 శరదృతువులో సెర్బియాను ఆదుకోవడానికని ఫ్రెంచ్, బ్రిటిష్ దళాలు గ్రీసులోని సలోనికా రేవులో దిగాయి, కానీ అప్పటికే ఆలస్యమైపోయింది. ఓడిపోయిన సెర్బియా సైన్యం చలికాలంలో అల్బేనియా పర్వతాలు దాటి, దారిలో వేలమందిని పోగొట్టుకుని, కోర్ఫూ ద్వీపం చేరి, అక్కడ కోలుకున్నాక సలోనికా రంగానికే తిరిగి వచ్చింది. ఆ తరువాత దాదాపు మూడేళ్ళపాటు ఈ రంగాన్ని లండన్, పారిస్‌లలో చాలామంది వృథా ఖర్చుగానే భావించారు. అక్కడి సైనికులను శత్రువు తూటాల కంటే మలేరియా ఎక్కువగా పీడించింది.

1918 జూన్‌లో ఫ్రెంచ్ సేనాని ఫ్రాన్షే దెస్పెరే అక్కడి సర్వసైన్యాధిపత్యం స్వీకరించాక పరిస్థితి మారింది. సెర్బియా సేనాని మిషిచ్‌తో కలిసి ఆయన ఎంచుకున్న చోటు డోబ్రో పోలె అనే ఎత్తైన పర్వత ప్రాంతం. అంత దుర్గమమైన చోట ప్రధాన దాడి జరుగుతుందని, జర్మనీ పక్షాన ఆ రంగాన్ని కాస్తున్న బల్గేరియన్లు అనుకోలేదు. సెప్టెంబరు 14న ఫిరంగులు మొదలయ్యాయి, 15న ఫ్రెంచ్, సెర్బియా పదాతిదళాలు కదిలాయి. కొన్ని రోజుల్లోనే బల్గేరియన్ రక్షణరేఖ తెగిపోయింది. ఒకప్పుడు వారికి వెన్నుదన్నుగా నిలిచిన జర్మన్ దళాల్లో అత్యధిక భాగం ఆ వసంతంలోని పశ్చిమ దాడుల కోసం అప్పటికే తరలిపోయింది. సెప్టెంబరు 29న ఫ్రెంచ్ అశ్వికదళం స్కోప్యె నగరంలో ప్రవేశించింది.

ఇక్కడ డోయ్రాన్ సరస్సు గురించి చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. సెప్టెంబరు 18, 19 తేదీల్లో బ్రిటిష్, గ్రీకు దళాలు అక్కడ చేసిన దాడిని జనరల్ వాజోవ్ నాయకత్వంలోని బల్గేరియన్లు దాడి చేసినవారికి భారీ నష్టం కలిగించి తిప్పికొట్టారు. గెలిచిన ఆ సైన్యానికే రెండురోజులు తిరగకుండా వెనక్కి రమ్మని ఆజ్ఞ అందింది, ఎందుకంటే పడమటి వైపు తమవారి రక్షణరేఖ తెగి, వారి పార్శ్వానికి ఆసరా లేకుండా పోయింది. తాము నిలబడిన చోట ఓడిపోనివారు కూడా యుద్ధం ఓడిపోవచ్చుననడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు కనబడలేదు. కొద్ది వారాల తరువాత జర్మనీలో ఇదే ప్రశ్న మరింత పెద్ద ఎత్తున తలెత్తింది.

బల్గేరియా కూలిపోవడానికి కారణాలు కొండల మీద మాత్రమే లేవు. దేశంలో తిండి కరువైంది. రుమేనియాతో 1918 మేలో కుదిరిన బుకారెస్ట్ సంధిలో ఉత్తర డోబ్రూజా ప్రాంతం మొత్తం తమకు దక్కలేదన్న ఆగ్రహం దేశంలో రేగడంతో జర్మనీ పక్షపాతి అయిన ప్రధాని రాడోస్లావోవ్ జూన్‌లో పదవి కోల్పోగా, ఆయన స్థానంలో మాలినోవ్ వచ్చాడు. రంగం తెగిన తరువాత వెనక్కి వస్తున్న సైనికులు తిరగబడ్డారు. వారిని శాంతింపజేయడానికి రైతునాయకుడు స్టాంబొలీస్కీని చెరనుంచి విడుదల చేసినా, సెప్టెంబరు 27న రాడోమిర్‌లో తిరుగుబాటుదారులు గణతంత్రాన్ని ప్రకటించి సోఫియా మీదికి నడిచారు. ఆ తిరుగుబాటు అణగిపోయింది గానీ ప్రభుత్వానికి యుద్ధం కొనసాగించే శక్తి మిగల్లేదు. సెప్టెంబరు 29న సలోనికాలో బల్గేరియా ప్రతినిధులు కాల్పుల విరమణ ఒప్పందం మీద సంతకం చేశారు. అక్టోబరు 3న రాజు ఫెర్డినాండ్ సింహాసనాన్ని కొడుకు బోరిస్‌కు వదిలేశాడు.

బల్గేరియా తప్పుకోవడంతో జర్మనీకి టర్కీతో ఉన్న నేలదారి మూసుకుపోయింది, డాన్యూబ్ నది వైపు మిత్రరాజ్యాలకు దారి తెరుచుకుంది, జర్మన్ యుద్ధయంత్రానికి ఎంతో అవసరమైన రుమేనియా చమురు ప్రమాదంలో పడింది. బెల్జియంలోని స్పా పట్టణంలో ఉన్న ప్రధాన సైనిక కార్యాలయంలో యుద్ధవ్యూహాన్ని నడిపిస్తున్న సేనాని లూడెన్‌డార్ఫ్ సెప్టెంబరు 28 సాయంత్రం తన పైఅధికారి, ప్రధాన సేనాధిపతి హిండెన్‌బర్గ్ దగ్గరికి వెళ్ళి కాల్పుల విరమణ తప్పదని చెప్పాడు. మరునాడు వారిద్దరూ అదే మాటను జర్మన్ చక్రవర్తి కైజర్ ముందు ఉంచారు. అయితే దీనికి బల్గేరియా ఒక్కటే కారణమని వాదిస్తే అన్యాయమవుతుంది. సెప్టెంబరు 26న మ్యూజ్–ఆర్గోన్‌లో అమెరికన్, ఫ్రెంచ్ సైన్యాలు, 28న ఫ్లాండర్స్‌లో బెల్జియన్, బ్రిటిష్, ఫ్రెంచ్ సైన్యాలు, 29న జర్మన్ల ప్రధాన రక్షణరేఖ అయిన హిండెన్‌బర్గ్ రేఖ మీద బ్రిటిష్ సైన్యం వరుసగా విరుచుకుపడ్డాయి. పాలస్తీనాలో బ్రిటిష్ సేనాని అలెన్‌బీ సెప్టెంబరు 19న మొదలుపెట్టిన దాడిలో టర్కీ సైన్యాలు ఛిన్నాభిన్నమయ్యాయి. జోధ్‌పూర్, మైసూరు అశ్వికదళాలు హైఫాను పట్టుకున్నది 23వ తేదీన. పశ్చిమంలో ఎదురుదెబ్బను తట్టుకోవడానికి దాచుకున్న రిజర్వు బలగాలు చాలడంలేదు, ఉన్నవాటిలోనే కొన్నిటిని బాల్కన్లకు పంపక తప్పడంలేదు. నా దృష్టిలో మాసిడోనియా ప్రాముఖ్యమంతా ఈ లెక్కలోనే ఉంది.

దీనికి సైన్యం స్వయంగా రాసి ఇచ్చిన సాక్ష్యం ఉంది. కొత్త ఛాన్సలర్ బాడెన్ రాకుమారుడు మాక్స్ అంత హడావుడిగా శాంతి కోరడానికి ఇష్టపడలేదు. అలా చేస్తే ఓటమిని ఒప్పుకున్నట్టే అవుతుందని భావించి, సైన్యం అభిప్రాయాన్ని లిఖితపూర్వకంగా ఇమ్మన్నాడు. అక్టోబరు 3న హిండెన్‌బర్గ్ ఇచ్చిన జవాబులో మొదటి కారణంగా పేర్కొన్నది మాసిడోనియా రంగం కూలిపోవడాన్ని. దానివల్ల పశ్చిమంలోని రిజర్వులను తగ్గించవలసి రావడం, ఇటీవలి పోరాటాల్లో జరిగిన నష్టాన్ని పూడ్చుకోలేకపోవడం ఆ తరువాతి కారణాలు. శత్రువును సంధికి లొంగదీసే ఆశ ఇక లేదని అందులో స్పష్టంగా ఉంది. ఆ రాత్రే అమెరికా అధ్యక్షుడు విల్సన్‌కు లేఖ బయలుదేరింది.

అదే వారంలో రాజకీయంగా జరిగింది మరింత గంభీరమైనది. కింది నుంచి విప్లవం రాకుండా పైనుంచే మార్పు తేవాలని విదేశాంగమంత్రి హింట్జె సూచించాడు. పార్లమెంటు పక్షాలను ప్రభుత్వంలోకి తీసుకోవడం అలా మొదలైంది. లూడెన్‌డార్ఫ్ ఉద్దేశం వేరు. దేశాన్ని ఈ స్థితికి తెచ్చారని తాను నిందించే రాజకీయ నాయకులే ఇప్పుడు వచ్చి సంధి చేసుకోవాలని, దాని ఫలితాన్ని వారే అనుభవించాలని అక్టోబరు 1న తన అధికారులతో అన్నాడు. మరునాడు సైన్యం పంపిన ఒక మేజర్ అసలు పరిస్థితిని పార్టీల నాయకులకు వివరించినప్పుడు వారు నిర్ఘాంతపోయారు, ఎందుకంటే అంతవరకూ వారికి అందుతూ వచ్చినవి భరోసాలే. ఆ నాయకులకు నిర్ణయంలో భాగం ఇవ్వకుండా బాధ్యతను మాత్రం అప్పగించడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

మిగతా రంగాలు త్వరగానే ముగిశాయి. టర్కీ అక్టోబరు 30న ముద్రోస్‌లో కాల్పుల విరమణ మీద సంతకం చేసింది. ఇటలీ విట్టోరియో వెనెటో దగ్గర అక్టోబరు 24న దాడి మొదలుపెట్టగా, 28న ప్రాగ్‌లో చెకొస్లొవేకియా స్వాతంత్ర్య ప్రకటన వెలువడింది. నవంబరు 3న ఆస్ట్రియా–హంగరీ సంతకం చేసేనాటికి ఆ సామ్రాజ్యం పేరుకే మిగిలి ఉంది. విల్సన్ షరతులు కఠినంగా ఉండటం చూసి లూడెన్‌డార్ఫ్ మాట మార్చి, పోరాడాలని పట్టుబట్టి, అక్టోబరు 26న పదవి పోగొట్టుకున్నాడు. జర్మనీలోని కీల్ రేవులో నావికుల తిరుగుబాటు చెలరేగింది ఆ తరువాతే, అంటే సైన్యమే కాల్పుల విరమణ కోరిన నెల రోజుల తరువాత.

కాంపియేన్‌లో సంతకం చేయడానికి వెళ్ళిన బృందానికి నాయకుడు సేనాని కాదు, కాథలిక్ సెంటర్ పార్టీ నాయకుడు ఎర్జ్‌బెర్గర్. షరతులను సడలించే ప్రయత్నం చేయమని, కుదరకపోయినా సంతకం చేయమని నవంబరు 10న ఆయనకు సందేశం పంపినవాడు హిండెన్‌బర్గ్. 1919 నవంబరు 18న అదే హిండెన్‌బర్గ్ పార్లమెంటు విచారణసంఘం ముందు నిలబడి, జర్మన్ సైన్యాన్ని వెనుక నుంచి పొడిచారని ఒక ఆంగ్ల సేనాని అన్నట్టుగా వాంగ్మూలం ఇచ్చాడు. తాను 1918 అక్టోబరు 3న రాసిన ఉత్తరంలో అటువంటి మాట ఒక్కటీ లేదు. 1921 ఆగస్టు 26న ఎర్జ్‌బెర్గర్‌ను జాతీయవాద ముఠాకు చెందిన ఇద్దరు మాజీ అధికారులు కాల్చి చంపారు.