మస్సాలియా ఒబోల్ కొన్న నా అనుభవం

ఫ్రాన్స్‌లోని మార్సెయ్‌లో ఉంటున్నప్పుడు మస్సాలియా ఒబోల్ ఒకటి కొనాలన్న పిచ్చి పట్టుకుంది. మస్సాలియా అంటే ఈ ఊరే, క్రీ.పూ. 600 ప్రాంతంలో ఫొకేయా అనే గ్రీకు ఊరి నుంచి ఓడల్లో వచ్చినవాళ్ళు కట్టుకున్న రేవు. ఒబోల్ అంటే డ్రాక్మా అనే గ్రీకు నాణెం విలువలో ఆరో వంతు ఉండే చిన్న వెండి నాణెం, వాళ్ళ చిల్లర అన్నమాట. ఒకవైపు ఎడమకి చూస్తున్న కుర్రాడి తల (గ్రీకు దేవుడు అపోలో అంటారు చాలామంది), రెండోవైపు నాలుగు ఆకుల చక్రం, ఆకుల మధ్య మ్యూ, ఆల్ఫా అనే గ్రీకు అక్షరాలు, అంటే ఊరి పేరులో మొదటి రెండూ.

ముందు సెంటర్ బూర్స్ మాల్ దగ్గరున్న హిస్టరీ మ్యూజియంకి వెళ్ళా. 1967లో ఆ మాల్ కోసం తవ్వుతుంటేనే పాత రేవు బయటపడిందట. అద్దం వెనక నాణెం చూస్తే చిటికెన వేలి గోరంతే ఉంది, 10 మిల్లీమీటర్లు, బరువు 0.6, 0.7 గ్రాములు అటూ ఇటూ.

తర్వాత నాణేల షాపులు. రేటు భయపడేంత కాదు, మామూలు కండిషన్‌వి వంద యూరోల లోపే దొరుకుతున్నాయి, ఎందుకంటే ఈ చక్రం డిజైన్ కొన్ని వందల ఏళ్ళు నడిచింది, పాతవాటిలో ముఖం చక్కగా ఉంటుంది, పోనుపోను అధ్వాన్నం అయిపోతుంది. ఒక చోట చూపించిన దాని ముఖం అద్దంలా ఉంది కానీ లూప్ (చిన్న భూతద్దం) పెట్టి చూస్తే ఒంటి నిండా సన్న బుడగ గుంటలు, అంచు చుట్టూ గీత, అంటే అసలువాటిలా అచ్చు మీద సుత్తితో కొట్టింది కాదు, పోతపోసిన నకిలీ. వద్దని లేచొచ్చేశా.

నాకు నచ్చింది ఇంకో షాపులో ఒక వంకరది, అచ్చు పక్కకి జరిగి ఆల్ఫా సగమే పడింది, అంచున సుత్తి దెబ్బకి వచ్చిన పగులు, కాటా మీద 0.63 గ్రాములు. అందం తక్కువే కానీ నన్నడిగితే ఇలాంటిదే నమ్మాలి. అయినా డబ్బులు ఇచ్చే ముందు పాత వేలం ఫోటోలతో పోల్చి చూసుకున్నా, ఒకే అచ్చుతో కొట్టిన నాణేలు బోలెడు ఉండొచ్చు గానీ, పగులూ, అచ్చు జరిగిన తీరూ కూడా అచ్చంగా అలాగే ఉన్న ఇంకోటి కనిపించిందంటే నకిలీ అని అనుమానించాల్సిందే. అలాంటిదేం కనపడలా.

బిల్లు మాత్రం పట్టుబట్టి తీసుకున్నా, ఏ పాత కలెక్షన్ నుంచి వచ్చిందో దాని మీద రాయించుకుని మరీ. ఫ్రాన్స్‌లో పర్మిషన్ లేకుండా మెటల్ డిటెక్టర్‌తో పురాతన వస్తువులు వెతకడం నేరం, అలా తవ్వుకొచ్చిన సరుకు మన చేతికి రాకూడదు కదా.

వీడియో కాల్‌లో చూపిస్తే అమ్మ "నల్లగా ఉందేంట్రా, కాస్త విబూది పెట్టి రుద్దు, తెల్లబడుతుంది" అంది. వద్దమ్మా, ఆ నలుపు పోతే విలువ కూడా పోతుంది అని చెప్పి, పీవీసీ (నాణేన్ని పాడుచేసే ప్లాస్టిక్) లేని కవర్‌లో పెట్టి బరువు, కొన్న తేదీ రాసి పెట్టా. గ్రీకు దేవత ఆర్టెమిస్ తల, సింహం ఉండే మస్సాలియా డ్రాక్మా మీద ఇప్పుడు కన్ను పడింది, దాని రేటు చూశాక మాత్రం కొంచెం ఆగా.