నాయనమ్మ మోకాళ్లు, నా పార్ట్-బి జవాబు

రిజల్ట్ వచ్చి నాలుగు రోజులైంది. బెంగళూరు నేషనల్ లా స్కూల్‌లో పబ్లిక్ పాలసీ పీజీ సీటు వచ్చింది, రెండో అటెంప్ట్‌లో. ఇంటర్ దాకా తెలుగు మీడియం, నల్గొండలో బీఏ. మన దగ్గర దాని ఎంట్రన్స్ ఎగ్జామ్ ఎన్ఎల్‌శాట్ రాసేవాళ్లు తక్కువ, ఎవరిని అడగాలో తెలియక నేను పడ్డ తిప్పలు మీరు పడొద్దని రాస్తున్నా. సిలబస్, ప్యాటర్న్ మీకు తెలిసినవే, వాటి జోలికి పోను.

మొదటిసారి దెబ్బ కొట్టింది పార్ట్-బి, అంటే జవాబులు వివరంగా రాయాల్సిన భాగం. తాగునీటి మీద రాసే అవకాశం దొరికింది. మాది మర్రిగూడ వైపు, ఫ్లోరైడ్ నీళ్ల మధ్యే పెరిగినదాన్ని, ఇంకేం కావాలి? పేజీ నిండా రాశాను. ప్రజల భాగస్వామ్యం పెరగాలి, అధికారులు చిత్తశుద్ధితో పనిచేయాలి, సమగ్ర విధానం కావాలి... మార్కులు చూసి రెండు రోజులు అన్నం సహించలేదు. తర్వాత గుర్తున్నంత వరకు ఆ జవాబును నోట్‌బుక్‌లో మళ్లీ రాసుకుని చదివాను. నల్గొండ అన్న మాట తీసేసి ఏ జిల్లా పేరు పెట్టినా సరిపోతుంది. ఇంట్లో నాయనమ్మ మోకాళ్లు ఆ నీళ్లకే వంగిపోయి గోడ పట్టుకుని నడుస్తుంటే, నేను పోయి గైడులో మాటలు రాసొచ్చాను.

ఆ ఏడాది ఒకటే పని పెట్టుకున్నా, మా ఊరి నీళ్ల గురించి సర్కారు కాగితాల్లో ఏముందో వెతకడం. 2011 జనాభా లెక్కల జిల్లా హ్యాండ్‌బుక్‌లో ఏ ఊరికి ఏ నీళ్లో ఉంటుంది. నేషనల్ ఫ్యామిలీ హెల్త్ సర్వే 2019-21ది జిల్లా ఫ్యాక్ట్ షీట్ ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి శాతాలు పోల్చి, పెద్ద పరిశోధన చేశానని సంబరపడ్డాను. మా సార్ చూసి ఒకటే అడిగారు, "ఏ నల్గొండమ్మా?" అని. 2011 నల్గొండలో సూర్యాపేట, యాదాద్రి కూడా ఉన్నాయి, 2016 అక్టోబర్ 11 తర్వాతి నల్గొండ వేరు. పాలమూరు వాళ్లకు ఈ చిక్కు ఇంకా ఎక్కువ, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, ఆ తర్వాత నారాయణపేట. జిల్లా పేరు ఒకటే అని పోల్చకండి, మండలాల దాకా దిగి చూసుకోండి.

తర్వాత ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం) కింద దరఖాస్తు వేశా. జిల్లా ఆఫీసుకు 10 రూపాయల పోస్టల్ ఆర్డర్ పెట్టి మా ఊరి పాత నీటి పరీక్షల రిపోర్టులు అడిగాను. 30 రోజుల్లో రావాల్సింది, అప్పీలు చేస్తే గానీ రాలేదు. మూడు జిరాక్స్ కాగితాలు. బోరింగు ఎక్కడుంది, తేదీ, ఫ్లోరైడ్ ఎంత అని గడులు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్ఓ) అంటుంది, మా బడి బోరింగు గడిలో దానికి రెండింతలకు పైనే ఉంది. ఏడో తరగతి దాకా ఆ నీళ్లే తాగాను. ఆ కాగితం పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నా.

కేంద్ర జల్‌శక్తి శాఖ లెక్కలో తెలంగాణ ఫ్లోరైడ్ ఆవాసాలు 2015లో 967, 2020 ఆగస్టుకు సున్నా. అబద్ధం కాదు, మిషన్ భగీరథ నల్లా మా ఇంట్లోనూ ఉంది. కానీ అది ఆవాసాల లెక్క. ఎముకలకు పట్టిన ఫ్లోరోసిస్ నీళ్లు మారినంత మాత్రాన పోదు, మరి నాయనమ్మ ఏ లెక్కలో ఉంది? ఊరిని లెక్కపెడితే సమస్య తీరింది, మనిషిని లెక్కపెడితే పింఛను, వైద్యం, నడవడానికి సాయం, అన్నీ మిగిలే ఉన్నాయి. రెండోసారి ప్రశ్న వేరే వచ్చినా, పథకం ఫలితాన్ని దేనితో కొలుస్తున్నాం అనే దగ్గర మొదలుపెట్టి ఇదే ఉదాహరణ రాశాను. సీటు తెచ్చింది ఆ జవాబే అని నా నమ్మకం.

మిగతావి త్వరగా చెప్తా. బిల్లుల కోసం, చట్టసభల బిల్లులను వివరించే పీఆర్ఎస్ అనే సంస్థ వాళ్ల సారాంశాలు, రోజుకొకటి, ఇంగ్లిష్ కూడా దానితోనే బాగుపడింది. పరిశోధన వ్యాసాలుండే జేస్టోర్ వెబ్‌సైట్‌లో ఉచిత అకౌంట్ తీసుకుంటే నెలకు 100 వ్యాసాలు చదవొచ్చు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా 'నల్గొండ టెక్నిక్' అనే పేరుందని, అది టాంజానియా, ఇథియోపియా దాకా పోయిందని నాకు వ్యాసాలు చదువుతుంటేనే తెలిసింది, ఇరవై ఏళ్లు ఈ జిల్లాలోనే ఉండి కూడా! నీతి ఆయోగ్ ఇంటర్న్‌షిప్‌కు ప్రతి నెలా 1 నుంచి 10 వరకు అప్లై చేయొచ్చు, డబ్బులివ్వరు, ఇంటర్ మార్కుల షరతు చూసుకోండి. ఎంపీ దగ్గర పనిచేసే ల్యాంప్ ఫెలోషిప్‌కు 25 ఏళ్లు దాటకూడదు. హైదరాబాద్ పోతే బేగంపేటలో సెస్ (సెంటర్ ఫర్ ఎకనామిక్ అండ్ సోషల్ స్టడీస్) అనే పరిశోధన సంస్థ ఉంది, అక్కడి పరిశోధనలు చదవండి.

కోచింగ్‌కు పోలేదని, గ్రూప్స్‌కు అప్లై చేయకుండా నీళ్ల కాగితాలు పట్టుకుని తిరుగుతుందని చుట్టాలు బాపుతో చాలా అన్నారు. నేను ఖాళీగా తిరగలేదు. పొద్దున ఐదింటికి లేచి, ఫోన్ అమ్మ దగ్గర పెట్టి, తొమ్మిది దాకా చదివి, ఆ తర్వాతే బస్సెక్కేదాన్ని. పండగ లేదు, పెళ్లి లేదు. తమ్ముళ్లూ చెల్లెళ్లూ, రోజూ కూర్చోకుండా ఎన్ని పీడీఎఫ్‌లు దించుకున్నా ఫోన్ బరువే.

ఆర్టీఐ దరఖాస్తు ఇంగ్లిష్‌లోనే రాయాలేమో అని ఇద్దరు అడిగారు. అక్కర్లేదు, నేను తెలుగులోనే రాశాను. ఊరి పంచాయతీకైతే ఫీజు కూడా లేదు.