బీఫ్ పొర్కొల్ట్ కుదిరింది, కానీ పాప్రికా దగ్గర ఏడిపించారు

ఎట్టకేలకు నిన్న బుడాపెస్ట్‌లో మా వంటింట్లో బీఫ్ పొర్కొల్ట్ కుదిరింది. మనవాళ్లు గూలాష్ అని వీడియోల్లో చూసే చిక్కటి ఎర్ర కూర ఇదే. హంగరీలో గుయాష్ అని అడిగితే బంగాళాదుంపలు, క్యారెట్ వేసిన పల్చటి సూప్ పెడతారు.

మాంసం సులువుగానే దొరికింది. పిక్క మాంసం అడగండి, ఉడికేకొద్దీ అందులోని జిగురే గ్రేవీకి బలం. కిలో మాంసానికి అరకిలో ఉల్లిపాయలు. కొవ్వు లేని మెత్తటి ముక్కలు ఈ కూరకు పనికిరావు.

నన్ను ఏడిపించింది పాప్రికా, అంటే ఈ కూరకు ఎర్రరంగు ఇచ్చే హంగరీ మిరపపొడి. టూరిస్టులు తిరిగే ఒక కొట్లో అల్లికల గుడ్డసంచిలో కట్టిన పొడి అంటగట్టారు. విప్పి చూస్తే ఇటుకపొడి రంగు, వాసనే లేదు. రేటు మాత్రం సూపర్ మార్కెట్ ప్యాకెట్ కంటే బాగా ఎక్కువ. అలాంటి చోట దయచేసి కొనకండి. పాప్రికాకు పేరున్న ఊళ్లు సెగెద్‌దో కలొచాదో, తీపి రకం (అంటే కారం లేనిది) ప్యాకెట్ తేదీ చూసి తీసుకోండి. వెలుతురు తగిలినా, పాతబడినా ఆ పొడి రంగూ రుచీ పోతాయి.

ఇక ఇంగ్లిష్ వీడియో చేసిన ఘనకార్యం. పాప్రికాను కాగిన నూనెలో నిమిషం వేయించమంది, లీటరు నీళ్లు పొయ్యమంది, చివర్లో మైదా కలపమంది. ఇల్లంతా మాడు వాసన, కూర చేదు. కింది వాటాలో ఉండే పెద్దావిడ ఒక్క చెంచా రుచి చూసి, "ఇది సూపు" అని గిన్నె పక్కన పెట్టేసింది. ఇంటికి పిలిచిన మనిషి ముందు తల కొట్టేసినట్టయింది. నలుగురికీ వంట నేర్పేవాళ్లు ముందు ఆ ఊరి ఇళ్లలో తిని చూడాలి. అది కనీస బాధ్యత.

మర్నాడు ఆవిడే వచ్చి పక్కన నిలబడి చేయించింది. సన్నగా తరిగిన ఉల్లిపాయల్ని పంది కొవ్వులో సన్నమంట మీద అద్దంలా మెరిసేదాకా మగ్గనివ్వాలి. తర్వాత గిన్నెను స్టవ్ మీంచి పూర్తిగా దించేయాలి. అప్పుడే మూడు చెంచాల పాప్రికా. ఒక్కసారి తిప్పి వెంటనే కాసిన్ని నీళ్లు చిలకరించి మాంసం వేయాలి. పాప్రికాలో చక్కెర ఉంటుంది, కాగే కొవ్వులో క్షణాల్లో మాడుతుంది.

ఉప్పు, వెల్లుల్లి, కారవే గింజలు (జీలకర్రలా ఉంటాయి), ఒక టమాటా, ఒక పచ్చటి క్యాప్సికం వేసి మూత పెట్టాం. మాంసం తన నీళ్లు తనే వదులుతుంది. అవి ఇగిరిపోతే బుడబుడ ఆగి చిటపట మొదలవుతుంది, కొవ్వు ఎర్రగా పైకి తేలుతుంది. అప్పుడు అరకప్పు నీళ్లు, మళ్లీ ఇగరనివ్వడం. మూడు గంటలు ఇదే పని. మైదా అక్కర్లేదు, కరిగిపోయిన ఉల్లిపాయే చిక్కదనం. మన ఇగురు చేయి తిరిగినవాళ్లకు ఇది ఇట్టే వస్తుంది. నాకు ఆ చిటపట ఆవిడకంటే ముందే వినిపించింది.

కూరతో తినే చిన్న పిండిముద్దలు నోకెద్లి. వాటికోసం గుడ్డు, మైదా, నీళ్లు కలిపి చిల్లుల పలక మీంచి మరిగే నీళ్లలోకి రుద్దితే చాలు. పక్కన దోసకాయ పచ్చడి. పెద్దావిడ రెండోసారి అడిగి వడ్డించుకుంది.

ఇండియాలో చేసుకునేవాళ్లు గుంటూరు కారం మాత్రం వేయొద్దు. మూడు చెంచాలు పడితే నోట్లో పెట్టుకోలేరు. తీపి పాప్రికా దొరికినప్పుడే వండండి.