నేను పాడుచేసిన గోడ

పద్దెనిమిదేళ్ల కిందట నేనే దగ్గరుండి సిమెంటు పెట్టించిన గోడ ఒకటుంది. మొన్న మళ్లీ దాని ముందు నిలబడాల్సి వచ్చింది. దూరం నుంచి బాగానే కనిపించింది. దగ్గరికెళ్లాక గుండె జారింది. నేను నింపించిన సిమెంటు గీతలన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. వాటి మధ్య ఇటుకలు మాత్రం ఎవరో కొరికేసినట్టు లోపలికి పోయాయి. తేనెపట్టులా గట్టి అంచులు, మధ్యలో గుంటలు. ఒక గుంటలో వేలు పెడితే మొదటి కణుపు దాకా దిగింది. బయటికి తీస్తే వేలి నిండా ఎర్రటి పొడి, మధ్యమధ్యలో తెల్లటి ఉప్పు.

ఆ భవనం 1880ల నాటిది. సిమెంటు పెట్టించేనాటికి నేను ఉద్యోగంలో చేరి నాలుగేళ్లు. ఇటుకల సందుల్లో ఉన్న సున్నాన్ని గోరుతో గీస్తే రాలుతోంది. ఇంత బలహీనంగా ఉంటే గోడ ఎలా నిలుస్తుందని టెన్షన్ పడి, అంతా గీకించి గట్టి సిమెంటు నింపించాను. ముందు, తరవాత ఫోటోలు తీసి రిపోర్టులో పెట్టుకున్నాను కూడా. పనిలో ఉన్న పెద్ద మేస్త్రీ ఒకాయన "దీనికి సున్నమే పడుతుంది సార్" అన్నాడు. విన్నట్టే తలూపాను.

ఆయన చెప్పిందేమిటో అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. పాత ఇటుక నీళ్లు తాగుతుంది. వాన నుంచి, నేల నుంచి గోడలోకి చెమ్మ ఎక్కుతూనే ఉంటుంది. సందుల్లో సున్నం ఉంటే ఆ చెమ్మ ఎక్కువగా దాని గుండానే బయటికి ఆరిపోతుంది. చెమ్మతో వచ్చిన ఉప్పు కూడా సున్నంలోనే పేరుకుంటుంది. కొన్ని దశాబ్దాలకు ఆ సున్నం పొడై రాలితే మళ్లీ నింపుకుంటాం, ఇటుక అలాగే ఉంటుంది. రాలిపోవడమే దాని పని. సిమెంటుతో ఆ దారి మూసేస్తే చెమ్మ ఇటుకలోంచే బయటపడాలి. అప్పుడు ఉప్పు ఇటుక రంధ్రాల్లోనే గడ్డకట్టి, ఉబ్బి, ముఖాన్ని పొరలు పొరలుగా ఊడగొడుతుంది. పైగా ఎండకూ చలికీ గోడ కాస్త కదిలినప్పుడు సున్నం సర్దుకుంటుంది. సన్నటి పగుళ్లొస్తే వాన నీటిలో కరిగిన సున్నమే మళ్లీ పేరుకుని వాటిని పూడ్చుకుంటుంది కూడా. సిమెంటు సర్దుకోదు, ఇటుక అంచును విరగ్గొడుతుంది.

తమాషా ఏంటంటే, మనం మామూలుగా వాడే ఈ పోర్ట్‌లాండ్ సిమెంటు కూడా పంతొమ్మిదో శతాబ్దపు సరుకే. జోసెఫ్ ఆస్ప్‌డిన్ అనే ఇంగ్లండు తాపీ మేస్త్రీ 1824లో దానికి పేటెంటు తీసుకున్నాడు. నా గోడ కట్టేనాటికి సిమెంటు ఉంది, కట్టినవాళ్లు మాత్రం సున్నమే వాడారు.

పాత కట్టడాల రక్షణ అనగానే అందరికీ బుల్డోజరే గుర్తొస్తుంది. అదీ నిజమే. లండన్‌లో యూస్టన్ రైల్వే స్టేషన్ ముందున్న 1837 నాటి తోరణాన్ని ఎంతమంది వద్దన్నా వినకుండా 1961-62లో కూల్చేశారు. దాని రాళ్లు కొన్ని ఒక కాలువ అడుగున పూడికగా పడి ఉంటే 1990లలో బయటపడ్డాయి. అక్కడికి దగ్గర్లోనే ఉన్న సెయింట్ పాంక్రాస్ స్టేషన్‌కూ అదే గతి పట్టబోయింది కానీ, 1967లో చట్టరక్షణ ఉన్న మొదటి శ్రేణి కట్టడంగా నమోదై బతికిపోయింది. 1935లో మూతపడిన దాని హోటల్ 2011లో మళ్లీ తెరుచుకుంది. కానీ చట్టం ఆపగలిగేది బుల్డోజర్నే. మూలన కారే గొట్టాన్ని ఆపలేదు, నాలాంటి ఉత్సాహవంతుణ్ని అసలే ఆపలేదు.

ఉత్సాహవంతుల సంగతి 1877లోనే ఇంగ్లండు కవి, డిజైనర్ విలియం మోరిస్‌కు తెలుసు. బాగుచేస్తామంటూ పాత చర్చిల గోడలు గీకేస్తుంటే చూడలేక, మిత్రులతో కలిసి లండన్‌లో పాత కట్టడాల రక్షణ సంఘం పెట్టాడు. ఆ సంఘానికి 'గీకుడు వ్యతిరేకులు' అనే ముద్దుపేరు పడింది. కొత్త రూపమేమీ ఇవ్వొద్దు, రోజూ కాస్త కనిపెట్టుకుని ఉండండి చాలన్నది వాళ్ల మాట. మొదటిసారి ఆ సంగతి చదివినప్పుడు నేను గీకించిన సున్నం కుప్పలే కళ్లముందు మెదిలాయి.

కనిపెట్టుకుని ఉండటమంటే ఏమిటో ఐఫిల్ టవర్‌ని చూస్తే తెలుస్తుంది. 1889లో కట్టినప్పుడు దానికి ఇచ్చిన గడువు ఇరవై ఏళ్లే. రేడియోకు పనికొచ్చి నిలబడిపోయింది. ఇప్పటికీ దాదాపు ఏడేళ్లకోసారి మనుషులు పైకెక్కి, బ్రష్షులతో అరవై టన్నుల రంగు పూస్తారు. ఇటుక భవనాలకు అంత ఆర్భాటం అక్కర్లేదు. వానాకాలానికి ముందు నిచ్చెనేసుకుని పైకప్పు కాలవలో ఆకులు తీసేస్తే సగం జబ్బులు రావు. ఆ ఆకులు తీయించే పనికి శిలాఫలకం ఉండదు కాబట్టి డబ్బూ ఉండదు.

ఇప్పుడు నా గోడ మీద సిమెంటు తీయిస్తున్నాం. గ్రైండర్ వాడనివ్వడం లేదు, చేయి కాస్త జారితే ఇటుక కోసుకుపోతుంది. సన్న ఉలి, చిన్న సుత్తి, అంతే. కొన్నిచోట్ల సిమెంటు ఇటుకను వదలనంటోంది. లాగితే అంచు కూడా ఊడొస్తుంది కాబట్టి అక్కడ నా తప్పును అలాగే ఉంచేస్తున్నాం. బాగా తినేసిన ఇటుకల్ని జాగ్రత్తగా ఊడదీసి, వెనకవైపు బాగున్నవాటిని తిప్పి పెడుతున్నాం. అలా తిప్పిన ఒకదాని మీద నాలుగు వేళ్ల గుర్తులు ఉన్నాయి. పచ్చి ఇటుకను అచ్చులోంచి తీసేటప్పుడు ఎవరిదో చెయ్యి తగిలినట్టుంది. దాన్ని గుర్తులు బయటికి కనబడేలా పెట్టమన్నాను.

సున్నం ఎండకు త్వరగా ఆరితే పొడైపోతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని గట్టిపడాలంటే దానికి తడి కావాలి, టైమూ కావాలి. అందుకని సాయంత్రాలు తడి గోనెలు కప్పి వెళ్తున్నాం. ఇవాళ పొద్దున ఒక గోనె పైకెత్తి, వారం కిందట నింపిన సందును గోరుతో గీసి చూశాను. కాస్త రాలింది. గోనె మళ్లీ కప్పేసి టీ తాగడానికి వెళ్లాను.