ఇంట్లో ఫ్లీస్ (కుక్క ఒంటి మీద దూకుతూ రక్తం తాగే చిన్న పురుగులు) వదిలించుకోవడం: నా అనుభవం

వానాకాలం మొదలైన దగ్గర్నుంచి మా కుక్క లక్కీ రాత్రిళ్ళు నిద్రపోకుండా తోక మొదట్లో కొరుక్కుంటూనే ఉండేది, అక్కడ జుట్టు ఊడి చర్మం పచ్చిపుండు అయిపోయింది, చూస్తుంటే కడుపు తరుక్కుపోయేది. హనుమకొండలో మా వాడకట్టులో అందరూ గోమార్లే అన్నారు. కానీ గోమారి పట్టుకుని కదలకుండా ఉంటుంది కదా, ఇవి వేలు పెట్టేలోపే దూకేస్తున్నాయి.

పశువుల డాక్టర్ గారు సన్న దువ్వెనతో దువ్వి, రాలిన నల్ల పొడిని తడి దూది మీద వేస్తే చుట్టూ ఎర్రగా దిగింది. అది మట్టి కాదు, ఫ్లీస్ తాగిన రక్తం రెట్టగా వచ్చింది. బరువు చూసి టాబ్లెట్ రాశారు.

అసలు పని ఇంట్లోనే ఉంది. ఆడ ఫ్లీ రోజుకు 40, 50 దాకా గుడ్లు పెడుతుంది, అవి జుట్టుకు అంటుకోవు, కుక్క పడుకున్న చోటల్లా రాలిపోతాయి. పిల్ల పురుగులు వెలుతురు పడక చాపల కిందా గచ్చు పగుళ్ళలో దాక్కుని ఆ రక్తపు పొడే తిని పెరుగుతాయి, తర్వాత గూడు అల్లుకుంటాయి. ఆ గూట్లోకి స్ప్రే సరిగా దిగదు, లోపల నెలల తరబడి ఆగి, అడుగుల అదురో ఒంటి వేడో తగలగానే బయటికొస్తాయి. అమ్మ వేపాకు నీళ్ళతో స్నానం చేయించింది, ఒంటి మీదవి కొన్ని పోయాయి, ఇంట్లోవి అలాగే ఉన్నాయి. కిరోసిన్ రాయమని ఎవరైనా చెప్తే దయచేసి వినకండి, చర్మం కాలిపోతుంది, నాకితే ఇంకా ప్రమాదం.

లక్కీ బొంతలు, దిండు గలేబులు బాగా వేడినీళ్ళలో ఉతికాం. మంచాల కింద, సోఫా సందుల్లో రోజూ వాక్యూమ్ చేసి, ఆ చెత్త కవర్‌లో మూటకట్టి వెంటనే బయట పడేశాం. గుడ్లు, పిల్ల పురుగులు ఎదగకుండా ఆపే పైరిప్రాక్సిఫెన్ ఉన్న స్ప్రే మూలల్లో కొట్టి, ఆరేదాకా లక్కీని లోపలికి రానివ్వలేదు.

ఇంత చేశాక కొన్ని వారాలకు మళ్ళీ దూకుతూ కనబడ్డాయి, అందరికీ టెన్షన్. మందు పనిచేయక కాదు, పాత గూళ్ళలోవి ఇప్పుడు బయటికొస్తున్నాయి, లక్కీని కుట్టాక చస్తాయి, కనీసం 3 నెలలు మందు ఆపొద్దు అన్నారు డాక్టర్ గారు. చాలామంది ఇక్కడే మానేస్తారు, మీరు మాత్రం మానకండి.

కుక్క ఒళ్ళు నాక్కునేటప్పుడు ఫ్లీని మింగితే దాని కడుపులో బద్దెపురుగు వస్తుంది, మలంలో బియ్యపు గింజల్లాంటివి కనిపిస్తే దానికీ మందు వేయించాలి. ఇంట్లో పిల్లి ఉంటే దానికి విడిగా మందు అడగండి, కొన్ని కుక్క మందుల్లో ఉండే పెర్మెత్రిన్ పిల్లికి విషం.