శాంపిల్‌కి కొలత ఉంది, టూర్‌కి సందు ఉంది

ఎంఆర్ (మందుల కంపెనీ ప్రతినిధి) డాక్టరు గది దాకా వెళ్లకముందే పక్క మెడికల్ షాపులో చాలాసార్లు ఓ పని చక్కబెట్టుకుంటాడు. ఏ డాక్టరు ఏ బ్రాండు ఎంత రాస్తున్నాడో కౌంటరు దగ్గర ఆరా తీస్తాడు. వాళ్ల భాషలో దీని పేరు ఆర్‌సీపీఏ, అంటే మందుల షాపుల్లో ప్రిస్క్రిప్షన్ల లెక్క తీయడం. కంపెనీ ఏ డాక్టరు మీద ఎంత ఖర్చు పెట్టాలన్నది ఇక్కడ తేలుతుంది.

ఈ ఖర్చుకు పగ్గాలేద్దామని కేంద్రం 2024 మార్చి 12న యూసీపీఎంపీ (మందుల మార్కెటింగ్ పద్ధతుల ఏకరూప) నియమావళి తెచ్చింది. డాక్టర్లకు ఉచితంగా ఇచ్చే శాంపిళ్ల విషయంలో లెక్క గట్టిగానే ఉంది. ఒక ప్యాకులో ముగ్గురు రోగుల కోర్సుకు మించి ఉండకూడదు. ఒక మందువి ఒక డాక్టరుకు ఏడాదికి 12 ప్యాకులే. రోజుకు రెండు చొప్పున ఐదు రోజులు వాడే యాంటీబయాటిక్ అనుకోండి: ప్యాకుకి 30 మాత్రలు, ఏడాదికి 360. నిద్రమాత్రలైతే శాంపిలుగా ఇవ్వనే కూడదు. కంపెనీ పంచే మొత్తం శాంపిళ్ల విలువ దేశీయ అమ్మకాల్లో 2 శాతం దాటకూడదు.

టూర్ల దగ్గరే సందు. డాక్టరుకి గానీ, ఇంట్లోవాళ్లకి గానీ కంపెనీ టికెట్లు, హోటలు పెట్టకూడదు; సీఎంఈలో (డాక్టర్ల నిరంతర వైద్య విద్యా కార్యక్రమంలో) ఉపన్యాసం ఇచ్చే డాక్టరుకి మాత్రం మినహాయింపు. అలాంటప్పుడు పది నిమిషాల ఉపన్యాసంతో ఎవరైనా వక్తే కదా! ఫిర్యాదు చేద్దామంటే వెళ్లాల్సింది కంపెనీల సంఘం వేసిన కమిటీ దగ్గరికే. పేరు, చిరునామా ఇవ్వాలి, తిరిగిరాని 1000 రూపాయల ఫీజు కట్టాలి. తప్పు తేలినా సంఘం వేసే శిక్షలు మందలింపు, సస్పెన్షన్, బహిష్కరణ లాంటివే. అంతకంటే పదునైన దెబ్బ ఆదాయపన్ను వైపు నుంచి పడింది. డాక్టర్లకిచ్చే కానుకల్ని వ్యాపార ఖర్చుగా చూపి పన్ను తగ్గించుకోవడం కుదరదని 2022 ఫిబ్రవరి 22న అపెక్స్ లాబొరేటరీస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది.

రోగుల వైపు కంపెనీలవాళ్లు ఇంకో దారి తొక్కుతారు. షెడ్యూల్ హెచ్, హెచ్1, ఎక్స్ మందుల్ని (డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సినవి) కేంద్రం అనుమతి లేకుండా ప్రకటించకూడదు కాబట్టి మందు పేరెత్తకుండా జబ్బు గురించి చెప్పి, "మీ డాక్టర్ని అడగండి" అని వదిలేస్తారు.

రోగి చేతికి నేరుగా అందే ఆధారం ఒకటుంది. "ఫిజీషియన్స్ శాంపిల్ – నాట్ టు బి సోల్డ్" అని ముద్రించిన స్ట్రిప్పు మెడికల్ షాపులో కనిపిస్తే, అమ్మకపోయినా నేరమే. డ్రగ్స్ రూల్స్ 65(18) ప్రకారం నిల్వ పెట్టడమే నిషేధం. స్ట్రిప్పు ఫొటో తీసి, బ్యాచ్ నంబరు రాసుకుని, బిల్లు ఉంటే జతచేసి డ్రగ్ ఇన్‌స్పెక్టరుకి ఇవ్వండి. బ్యాచ్ నంబరు స్ట్రిప్పుకి ఒక చివరే ఉండొచ్చు, మాత్రలు కత్తిరిస్తే అది పోవచ్చు, కాబట్టి ముందు దాన్నే ఫొటో తీయండి.